పాత ఫియట్: కవరు కప్పాలా, తాళం తిప్పాలా?

మా బాపు కొన్న ఫియట్ కారు, అదే ప్రీమియర్ పద్మిని, ఇప్పటికీ నల్లగొండలో మా ఇంటి ముందే ఉంది. పదేళ్ల కింద తుక్కు రేటుకు అడిగినవాళ్లే ఇప్పుడు లక్షల్లో మాట్లాడుతున్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే పంచాయితీ: దాచాలా, నడపాలా?

దాచితే గీత పడదు. పానగల్లు రోడ్డు మీద ఏ ఆటోనో రాసుకుపోతుందన్న టెన్షన్ ఉండదు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన బండి, డోరు హ్యాండిల్ విరిగినా ఊళ్లు తిరిగి వెతకాలి. కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. కానీ మా అన్న మాట విని ఒక ఎండాకాలమంతా కవరు కప్పి ఉంచాం. తీసి చూస్తే బ్యాటరీ డౌన్, కార్బురేటర్లో పెట్రోలు జిగురు కట్టింది, బ్రేకు సిలిండర్ల రబ్బర్లు పట్టేశాయి, రెండు వైర్లు ఎలుకలు కొరికేశాయి. ధర పెరిగింది, బండి చెడింది.

నడిపితే ఏసీ లేదు, వీపు సీటుకు అతుక్కుంటుంది. అయినా పొద్దున్నే హాలియా మీదుగా సాగర్ పోతూ, స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీ లాగుతుంటే ఆ సుఖమే వేరు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: పెండ్లికి పోతే ధ్యాసంతా బయట ఆపిన బండి మీదే. పిల్లలు బానెట్‌కు ఆనుకుంటే ఇదివరకు నవ్వేవాణ్ణి, ఇప్పుడు లేచిపోతున్నాను.

బండికి 50 ఏళ్లు దాటితే 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద వింటేజ్ నంబరు, అంటే పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు, తీసుకోవచ్చు. కానీ ఆ నంబరుతో రోజూ తిరగనివ్వరు, ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేర్ల లాంటి పనులకే. మాకది వద్దు.

కవరు అటక మీద పడేశాను. ఆదివారం మళ్లీ సాగరే.