తడ దగ్గర ఇరకం పడవ: చెన్నై నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు

పొద్దున్నే చెన్నైలో సూళ్లూరుపేట లోకల్ ఎక్కి, తడలో దిగి, ఆటోలో భీములవారిపాళెం చేరాం, నేను, మా అత్తయ్య, ఆరేళ్ల మా పాప. అక్కడి నుంచి పులికాట్ సరస్సులో ఉన్న ఇరకం దీవికి పడవ. టూరిస్టుల కోసం పెట్టింది కాదు, దీవి వాళ్లు బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు వేసుకుని రోజూ ఎక్కే పడవ, నాకు బాగా నచ్చింది అదే.

పులికాట్ అంటే చిలికా తర్వాత దేశంలోనే రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు కదా, బాగా లోతుంటుందని టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే సగటు లోతు మీటరే. కొంత దూరం పోయాక పడవ అన్న ఇంజను ఆపి గెడ అందుకున్నాడు. పైకి లాగిన ప్రతిసారీ దాని కొన చూస్తాడు, నల్లటి ఒండ్రు అంటితే పక్కకి తిప్పుతాడు, ఇసుకైతే నేరుగా పోతాడు. గెడకి తడి ఎంత దాకా ఉందో పాపను పక్కన నిలబెట్టి చూశాం, దాని నడుము దాకే!

"వానలు పడి కాళంగి, స్వర్ణముఖి ఏర్లు వచ్చి కలిస్తేనే ఈ నీళ్లక్కా, ఎండాకాలం పడవ ఈడ్చుకుని పోవాల" అన్నాడు. సముద్రం వైపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఉప్పునీళ్లు రావు, వాటితో రావాల్సిన చేపలూ రొయ్యలూ రావు. తూర్పున శ్రీహరికోట సరస్సుకీ సముద్రానికీ మధ్య పొడుగ్గా అడ్డం పడుకుని ఉంటుంది, రాకెట్లు ఎగిరేది ఆ ఇసుక దీవి మీద నుంచే. ఇరకం కూడా చదునే, దూరం నుంచి నేల కనిపించదు, నీళ్ల మీద చెట్ల వరస ఒక్కటే కనిపిస్తుంది.

నాకు కోపం వచ్చింది ఒక్క విషయంలో. మేమెక్కిన పడవలో ఇరవై మందికి పైగా ఉంటే లైఫ్ జాకెట్లు ఆరు, పిల్లల సైజు ఒక్కటీ లేదు. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్‌లో తమిళనాడు వైపు పడవ మునిగి 22 మంది పోయారు. లోతు తక్కువ కదా అని వదిలేయకండి, బురదలో కాలు దిగబడితే లేవలేం. పిల్లలుంటే జాకెట్ చెన్నైలోనే కొని పట్టుకెళ్లండి, మా పాపకి నేను కొనేశాను.

డిసెంబరు, జనవరి మంచి టైము, నీళ్లుంటాయి, అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు గుంపుగా కనిపిస్తాయి. తిరుగు పడవ ఎన్నింటికో దీవిలో దిగకముందే అడగండి. చెప్పులు చేత్తో పట్టుకోండి, రేవు దగ్గర బురద పిక్కల దాకా వస్తుంది.