ఆర్ట్ బ్లేకీని ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీని కొత్తగా వినేవాళ్ల ముందు రెండు దారులున్నాయి: 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో తీసిన లైవ్ రికార్డింగ్, 1958 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో చేసిన ఆల్బమ్ 'మోనిన్'. రెండూ బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీవే.

'మోనిన్' తేలిగ్గా చెవికెక్కుతుంది. టైటిల్ పాటలో పియానో అడుగుతుంది, బ్యాండు జవాబిస్తుంది, చర్చి ప్రార్థనలోలాగా. ట్రంపెట్ వాయించిన లీ మోర్గాన్‌కి అప్పుడు 20 ఏళ్లే. అందులోనే ఉన్న 'బ్లూస్ మార్చ్'లో బ్లేకీ సైనిక కవాతు దరువునే స్వింగ్ చేయిస్తాడు, అంటే జాజ్ ఊపులో ఊగిస్తాడు. ఒకరి సోలో మలుపు తిరిగే చోట స్నేర్ డ్రమ్ము మీద ఆయన ప్రెస్ రోల్ వినాలి, పుల్లల్ని డ్రమ్ముకి అదిమి ఎడతెగకుండా మోగించే దరువది. సన్నగా మొదలై ఉరుములా లేస్తుంది. సోలో వాయించేవాడు ఇక బద్ధకించలేడు!

బర్డ్‌లాండ్‌లో శబ్దం అంత శుభ్రంగా ఉండదు. కానీ క్లిఫర్డ్ బ్రౌన్ ట్రంపెట్, హోరేస్ సిల్వర్ పియానో, జనం కేకలు, ఆ వేడే వేరు. ఎప్పుడూ కుర్రాళ్లతోనే ఉంటానని బ్లేకీ స్టేజీ మీద చెప్పిన మాటా అందులోనే ఉంది. 1990లో పోయేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న శాక్సఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్, ట్రంపెట్ వాద్యకారుడు వింటన్ మార్సాలిస్ కుర్రాళ్లుగా ఆయన బ్యాండులో పనిచేసినవాళ్లే.

నేనైతే కొత్తవాళ్లకి ముందు 'మోనిన్' ఇస్తాను. నేను మాత్రం ఎక్కువసార్లు పెట్టుకునేది బర్డ్‌లాండే.