చెవిపోటుకి ఈఎన్‌టీ దగ్గరకా, పళ్ళ డాక్టర్ దగ్గరకా? ఏది మేలు?

రెండు నెలలు చెవిపోటుతో విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రులున్న సందులన్నీ తిరిగా, అందుకే రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని. కుడి చెవిలో పోటు, లోపల ఏదో అడ్డంపడ్డట్టు దిమ్ము, ఒక్కోసారి గుయ్యిమని మోత, పొద్దున లేవగానే ఎక్కువ, టిఫిన్ నమిలేటప్పుడు ఇంకా ఎక్కువ. ముందు మందుల షాపులో అడిగి డ్రాప్స్ వేసుకున్నా, తగ్గలా. పక్కింటి పిన్నిగారు వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వెయ్యవే అంటే అదీ వేశా (మీరు వెయ్యకండి, కర్ణభేరికి చిల్లు ఉంటే ఇంకో గొడవ). చివరికి ఈఎన్‌టీ దగ్గరకెళ్తే ఆయన లైటు పెట్టి చూసి, చెవి శుభ్రంగా ఉందమ్మా, ఏదీ నోరు తెరిచి మూయి అని చెవి ముందు వేలు పెట్టి నొక్కారు, ప్రాణం పోయినంత పనయింది. నొప్పి దవడ కీలుదమ్మా, చెవిది కాదు అన్నారు. టీఎంజే అంటారంట దాన్ని.

దవడ నొప్పి చెవిలో ఎందుకొస్తుందండీ అంటే, కీలు సరిగ్గా చెవి గొట్టానికి ముందే ఉంటుంది, మధ్యలో పల్చటి ఎముక, పైగా ఆ కీలుకి వెళ్ళే నరమే చెవి గొట్టానికీ కర్ణభేరికీ కూడా కొమ్మలేస్తుంది, అందుకని నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు తేల్చుకోలేదు. ఇది కొత్త సంగతేం కాదు, 1934లోనే అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్ళో జేమ్స్ కాస్టెన్ అనే ఆయన రాశాడు, ఆయన కూడా ఈఎన్‌టీ డాక్టరే, చాన్నాళ్ళు దీన్ని కాస్టెన్ సిండ్రోమ్ అనే పిలిచారు. పళ్ళు ఊడి దవడ కిందికి పడి నరాల్ని నొక్కుతుందని ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలా గానీ, చెవికీ దవడకీ లింకుందన్న మాట మాత్రం నిలబడింది.

సరే, ముందు ఎవరి దగ్గరకి? జ్వరం, చెవి కారడం, వినికిడి తగ్గడం, కళ్ళు తిరగడం, వీటిల్లో ఏదున్నా ఆలోచించక్కర్లా, ఈఎన్‌టీయే. ఇవేవీ లేకుండా నమిలితే నొప్పి, నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు, పొద్దున్నే దవడ బిగుసుకుపోవడం ఉంటే దవడ మీద అనుమానం పెట్టుకోవచ్చు, జ్ఞానదంతం పోటు కూడా చెవిలోకే లాగుతుంది. అయినా నా ఓటు ముందు ఈఎన్‌టీకే, ఎందుకంటే చెవి బాగుంది అన్న మాట ఆయన నోటి నుంచి రావాలి, మనం ఊహించుకునేది కాదది. గుంటూరు వైపు మా బంధువుల్లో పొగాకు, గుట్కా అలవాటున్న మగాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఇంకా గట్టిగా చెప్తా: చెవి బాగుండి కూడా చెవిపోటు వదలకపోతే గొంతు లోపల చూపించుకు తీరాలి, గొంతు క్యాన్సర్ కూడా ఒక్కోసారి చెవినొప్పి రూపంలోనే మొదలవుతుంది. ఇంకోటి, మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి, గుట్కా నమిలేవాళ్ళకి పట్టకపోతే అది కీలు అవ్వకపోవచ్చు, బుగ్గ లోపల పొర గట్టిపడటం కావచ్చు, దానికి వైద్యం వేరు.

కానీ ఈఎన్‌టీ దగ్గరకి ఒక్కసారే. చెవి బాగుంది అన్నాక కూడా ఇంకో డ్రాప్స్, ఇంకో యాంటీబయాటిక్ కోర్సు అంటూ తిరగడం నేను చేసిన తప్పు, మొదటాయన చెప్పింది నమ్మక ఇంకో చోటికి వెళ్ళి మూడు వారాలు పోగొట్టుకున్నా. అప్పుడు పళ్ళ డాక్టర్, అదీ వీధి చివర ఎవరో ఒకరు కాదు, ఓరల్ మెడిసిన్ వాళ్ళో (నోటి, దవడ జబ్బులకి మందులతో వైద్యం చేసే పళ్ళ డాక్టర్లు), దవడ ఆపరేషన్లు చేసే ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) వాళ్ళో చూడాలి. నేను వెళ్ళిన ఒక క్లినిక్‌లో చూడగానే పళ్ళు కొంచెం అరగదీసి కాటు సరిచేస్తాం అన్నారు. అరగదీసిన పన్ను మళ్ళీ రాదు కదండీ, దణ్ణం పెట్టి వచ్చేశా, మంచి పని చేశా.

ఇక రెండో తగువు, నైట్ గార్డా (రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగు), ఎక్సర్‌సైజులా. నేను నిద్రలో పళ్ళు కొరుకుతా, పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన చెప్పాడు, నేను కొట్టిపారేశా. గార్డ్ పెట్టుకుంటే పళ్ళు అరగవు, అది ఖాయం. నొప్పి తగ్గిస్తుందా అంటే అంత గట్టిగా చెప్పలేం, 2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన గైడ్‌లైన్ కూడా మూడు నెలలు, అంతకు మించి దవడ నొప్పి ఉన్నవాళ్ళకి గార్డ్ కంటే దవడ ఎక్సర్‌సైజులకీ, ఫిజియో చేత్తో చేసే వైద్యానికే ఎక్కువ మార్కులేసింది. అందుకని ముందు ఖర్చులేనిది ఆరు వారాలు చేశా: నాలుక కొన పై పళ్ళ వెనక అంగిటికి ఆనించి, అది ఊడకుండా ఎంత తెరుచుకుంటే అంతే నెమ్మదిగా తెరవడం మూయడం, పూటకి ఆరుసార్లు, వేడి గుడ్డ కాపడం పది నిమిషాలు, పెదాలు కలిపి పళ్ళు మాత్రం విడిగా ఉంచడం (రోజుకి వందసార్లు గుర్తుచేసుకోవాలి ఇది), ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి. షాపు లెక్కలు రాస్తూ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించడం మానేశా. చెరుకు, జంతికలు, మొక్కజొన్న పొత్తు బంద్, ముద్దపప్పు, పెరుగన్నం, ఇడ్లీ. అన్నిటికన్నా కష్టం ఆవకాయ టెంక, ఈ ఏడాది అది మా ఆయన కంచంలోకే పోయింది. నాలుగో వారానికి పోటు సగం తగ్గింది, ఆ తర్వాతే పళ్ళ కోసం గార్డ్ చేయించుకున్నా, కొలత తీసి చేసింది, వేడి నీళ్ళలో ముంచి కొరికే రకం కాదు. ఖర్చు చూస్తే ఎక్సర్‌సైజులే మేలు, పళ్ళు అరుగుతుంటే గార్డ్ కూడా కావాలి.

ఇంజెక్షన్లు, ఆపరేషన్ సంగతి ఎక్కువ మందికి రానే రాదు. నొప్పి లేకుండా చప్పుడొక్కటే ఉంటే వైద్యమే అక్కర్లా.

కొన్ని మాత్రం ఆగేవి కావు. నోరు తెరిచాక మూతపడకపోతే నేరుగా క్యాజువాలిటీకి. దవడ లాగుతూ గుండెల్లో బరువు, చెమటలు ఉంటే అది గుండె అనుకునే పరిగెత్తాలి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల్లో నొప్పి, నమిలితే దవడ అలసిపోవడం, చూపు మసకబారడం కలిస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు.

డబ్బులు ఇబ్బందైతే విజయవాడలోనే గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ దగ్గర పన్ను నొప్పి అనకుండా నోరు తెరిస్తే చెవి ముందు నొప్పి అని చెప్పండి, ఓరల్ మెడిసిన్ వాళ్ళ దగ్గరకి పంపమని అడగండి, ఈఎన్‌టీ రాసిన చీటీ కూడా తీసుకెళ్ళండి.