పునశ్చరణ తరగతిలో ప్లికర్స్ కార్డులు: ఏడాది వాడిన అనుభవం

రాపూరు పరిసరాల్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం బోధిస్తూ, గత విద్యాసంవత్సరమంతా పాఠాల పునశ్చరణకు ప్లికర్స్ కార్డులను వాడాను. కహూట్ వంటి క్విజ్‌లు ఆడించాలంటే పిల్లల చేతుల్లో ఫోన్లో ట్యాబ్‌లో ఉండాలి. ప్లికర్స్‌కు ఆ యాప్ ఉన్న ఉపాధ్యాయుడి ఫోను ఒక్కటే చాలు. విద్యార్థికి ఇచ్చేది నలుపు తెలుపు గుర్తు ముద్రించిన కాగితం మాత్రమే. ఆ గుర్తుకు నాలుగు వైపులా ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలుంటాయి. తాను ఎంచుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా విద్యార్థి కార్డును పట్టుకుంటే, మనం ఫోను కెమెరాను తరగతి మీదుగా నెమ్మదిగా తిప్పేసరికి ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో తెరమీద కనిపిస్తుంది. ఏ రెండు కార్డుల గుర్తులూ ఒకేలా ఉండవు కనుక, పక్కవారి కార్డును చూసి అలాగే తిప్పుకుంటే ప్రయోజనం ఉండదు.

దీని అసలు విలువ నాకు ఒక తప్పు జవాబు దగ్గర తెలిసింది. నదుల పాఠం ముగిశాక, ‘కండలేరు నుంచి చెన్నైకి వెళ్లే తెలుగుగంగ పథకానికి ఏ నది నీటిని కేటాయించారు?’ అని అడిగాను. 38 మందిలో 26 మంది పెన్న అని చూపారు. చేతులెత్తమని అడిగే పాత పద్ధతిలో అయితే ముందు బెంచీలోని ఇద్దరు ముగ్గురు కృష్ణ అని చెప్పేవారు, నేను తృప్తిపడి ముందుకు సాగిపోయేదాన్ని. జవాబు చెప్పకుండా, పక్కవారితో రెండు నిమిషాలు చర్చించుకోమన్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, “సోమశిల పెన్న మీదే గదా టీచర్, కృష్ణ నీళ్లు ఇంత దూరం ఎట్టొస్తాయి?” అని అడిగింది. పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. శ్రీశైలం, వెలుగోడు, సోమశిల, కండలేరు, ఆపైన తమిళనాడులోని పూండి వరకు నీటి దారిని బల్లమీద గీసి, మళ్లీ కార్డులు చూపమంటే దాదాపు అందరూ కృష్ణకు మారారు.

తరువాతి ప్రశ్నకు 1983 నాటి ఒప్పందంలోని అంకెలు తీసుకున్నాను. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకుంటే, దారిలో పోయే 3 తీసివేయగా చెన్నైకి చేరవలసింది ఎంత శాతం? 80 అని తేల్చిన పిల్లలే, ఆ 3 టీఎంసీలు ఎక్కడికి పోతాయని అడిగి, విజ్ఞానశాస్త్రంలో చదివిన ఆవిరి, ఇంకుడు దగ్గరకు తామే వచ్చారు. మూడు సబ్జెక్టులు ఒక్క కాలువ వెంట నడిచాయి.

కొన్ని జాగ్రత్తలు అవసరం. కార్డులు చినగకుండా లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు మెరిసి కెమెరా చదవలేకపోయింది. మెరుపులేని మందపాటి కాగితం మేలు. వేళ్లు గుర్తు మీద పడకుండా పట్టుకోవడం మొదటి వారమే నేర్పాలి. ఉచితంగా వాడేవారికి ఒక్కో సెట్‌కు ఐదు ప్రశ్నల పరిమితి ఉంది, కానీ ఇలా చర్చతో నడిపే 45 నిమిషాల పీరియడ్‌కు అంతకు మించి పట్టవు. ఐదు మంచి ప్రశ్నలు, వాటికి పిల్లలు నిజంగా పొరబడే తప్పు జవాబులు తయారుచేయడానికి మాత్రం నాకు గంటకు పైగా పడుతుంది. ఆ శ్రమ పడలేని రోజు కార్డులు తీయకపోవడమే మంచిది.

‘ఎందుకు’ అనే ప్రశ్నకు జవాబును కార్డు చెప్పలేదు. అందుకే చివరి పది నిమిషాలు కార్డులు పక్కన పెట్టించి, తాము మార్చుకున్న జవాబును ఎందుకు మార్చుకున్నారో నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయిస్తున్నాను.