అమ్మను, బాపును డాలస్ తీసుకెళ్లినప్పుడు: సీటు, స్టాప్, నిద్ర

పెద్దవాళ్లకు అమెరికా టికెట్ తీసేటప్పుడు అందరం ముందు ధర చూస్తాం, తర్వాత మొత్తం ఎన్ని గంటలో చూస్తాం. నన్నడిగితే ఈ రెంటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. వాళ్లు తమ సీట్లోంచి ఎవరినీ అడగకుండా, ఎవరినీ నిద్ర లేపకుండా లేవగలరా? అది కుదిరితే మిగతావి చాలావరకు కుదురుతాయి. కుదరకపోతే ఎంత మంచి విమానమైనా, మెడకింద ఎంత మెత్తటి దిండు పెట్టినా వాళ్లకు సుఖం ఉండదు.

మాది నల్లగొండ. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అమ్మను, బాపును వాడి దగ్గరికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. పోయేటప్పుడు దోహా మీదుగా, వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి పెరిగిన తరం అది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు కీళ్లు, నడుము బిగుసుకుపోయిన పెద్దలు మా చుట్టాల్లోనే ఎందరో ఉన్నారు. అమ్మకు మరీ అంత లేదు కానీ గంటసేపు కదలకుండా కూర్చుంటే లేవడానికి చెయ్యి అందించాల్సిందే. బాపుకు షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఇలాంటివాళ్లను తీసుకెళ్లేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉంటారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు రోజు రాత్రి సంగతితో మొదలుపెడతాను. గల్ఫ్ మీదుగా పోయే విమానాలు శంషాబాద్ నుంచి చాలావరకు తెల్లవారుజామున బయల్దేరతాయి, మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి రెండు గంటలైనా పడుతుంది. అంటే రాత్రి తొమ్మిదింటికో పదింటికో ఇల్లు కదలాలి. ఆ రాత్రి నిద్ర పోయినట్టే, విమానం ఎక్కేసరికే పెద్దవాళ్లు సగం అలసిపోయి ఉంటారు.

మనవాళ్లు మామూలుగా చేసేది వనస్థలిపురంలోనో హయత్‌నగర్‌లోనో చుట్టాలింట్లో దిగడం. ప్రేమకు కొదవుండదు, విశ్రాంతి మాత్రం ఉండదు. ఒకరి తర్వాత ఒకరు చూడటానికి వస్తూనే ఉంటారు, భోజనాలు పదింటిదాకా సాగుతాయి. అందుకే మేం శంషాబాద్‌లోనే గది తీసుకున్నాం. ఎయిర్‌పోర్టు ఆవరణలో నోవోటెల్ ఉంది, సౌకర్యంగా ఉంటుంది కానీ కొన్ని గంటల నిద్రకు అంత ఖర్చు అందరికీ కుదరదు. ఊళ్లో మామూలు హోటళ్లు చాలా ఉన్నాయి. వాటిలో రోడ్డు వైపు గది మాత్రం తీసుకోవద్దు, బెంగళూరు హైవే లారీల హారన్లు రాత్రంతా ఆగవు. వెనకవైపు గది అడిగి తీసుకున్నాం. సాయంత్రం ఏడింటికే అన్నం తిని పడుకున్నారు, పన్నెండు దాకా గట్టిగా నిద్రపోయారు. మొత్తం ప్రయాణంలో పెట్టిన ఖర్చుల్లో నాకు పూర్తిగా గిట్టుబాటు అనిపించింది ఇదే. మహబూబ్‌నగర్ వాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైవే నేరుగా శంషాబాద్‌కే తెస్తుంది, ఇంట్లోనే కునుకు తీసి రావొచ్చు.

ఇక అసలు విషయం. దోహా విమానంలో ఎయిర్‌హోస్టెస్ నీళ్లు తెచ్చిన ప్రతిసారీ అమ్మ వద్దని చెయ్యి ఊపుతోంది. ‘దూపయితలేదా అమ్మా?’ అంటే ‘అయితలేదు బిడ్డా’ అంది. పెదాలు ఎండిపోయి కనిపిస్తున్నాయి. కాసేపటికి అసలు మాట చెప్పింది: ‘మల్ల ఒంటికి పోవాలంటే ఎట్ల? ఆ తలుపు పడితే నాకు తియ్యొస్తదా?’ ఇదీ సంగతి. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కూడా ఉండదు. నీళ్లు ఎక్కువ తాగాల్సిన చోట మన పెద్దవాళ్లు బాత్‌రూమ్ భయంతో, పక్కవాళ్లను లేపాలన్న మొహమాటంతో తాగడమే మానేస్తారు. తలనొప్పి, మలబద్ధకం, నీరసం అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

వెంటనే అమ్మను తీసుకెళ్లి చూపించాను. తలుపు మధ్యలో నొక్కితే లోపలికి మడతపడుతుంది. గడియ పక్కకు జరిపితేనే లోపల లైటు పూర్తిగా వెలుగుతుంది, కాబట్టి చీకటిగా ఉందని భయపడక్కర్లేదు. ఫ్లష్ నొక్కితే పెద్ద చప్పుడుతో గాలి లాగుతుంది. తెలియనివాళ్లు ఉలిక్కిపడతారు, అందుకే మూత వేసి నొక్కమని చెప్పాలి. మగ్గు ఉండదు. ఒక చిన్న ఖాళీ సీసా బ్యాగులో పెట్టుకుంటే అక్కడి కుళాయిలో నింపుకోవచ్చు. ఒకసారి తనే తలుపు వేసుకుని, తీసుకుని బయటికి వచ్చాక అమ్మ నీళ్లు అడిగి తాగింది. భోజనాల ట్రాలీ రాకముందే బాత్‌రూమ్‌కు పోయి రావడం మంచిది. భోజనాలయ్యాక ప్రతి తలుపు ముందూ క్యూ ఉంటుంది.

సీటు విషయానికొస్తే, పెద్దవాళ్లకు కిటికీ పక్క సీటు ఇప్పించాలని పిల్లలు ముచ్చటపడతారు. గంట ప్రయాణానికైతే సరే. 16 గంటలకు మాత్రం నడవా పక్క సీటే. అమ్మది నడవా పక్కన, ఆమె పక్కన నేను, నడవాకు అవతల బాపు. బాత్‌రూమ్‌కు నాలుగైదు వరుసల దూరంలో చూసుకోవాలి. మరీ ఆనుకుని ఉంటే తలుపు చప్పుడు, లైటు, నిలబడ్డ మనుషులు నిద్ర పోనివ్వరు. రెక్కల దగ్గరి వరుసల్లో కుదుపు తక్కువగా తెలుస్తుంది. ఎమర్జెన్సీ ద్వారం దగ్గర కాళ్లు చాపుకునే చోటు ఎక్కువే కానీ అవసరమైతే సాయపడగలిగినవాళ్లకే ఆ సీట్లిస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇవ్వరు. సీటు ఎంచుకోవడానికి వేరే డబ్బు అడుగుతారు. ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం కట్టండి.

విమానం ఏ రకమో బుకింగ్‌లోనే చూపిస్తుంది, అదీ చూడాలి. బోయింగ్ 777లో చాలా సంస్థలు ఎకానమీలో వరుసకు 10 సీట్లు బిగిస్తున్నాయి, భుజాలు రాసుకుంటాయి. ఎయిర్‌బస్ ఎ350, బోయింగ్ 787లలో సాధారణంగా 9 ఉంటాయి. ఇంకో తేడా గాలి ఒత్తిడిలో. మామూలు విమానాల్లో లోపలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తున ఉన్నంత దాకా తగ్గొచ్చు, అది ఊటీ కన్నా ఎత్తు. 787, ఎ350లలో 6,000 అడుగుల దగ్గరే ఉంచుతారు, తేమ కూడా కాస్త ఎక్కువ. ఆయాసం, తలనొప్పి ఉన్నవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే నేను వీటికే ఓటేస్తాను.

ఏ దారి మంచిది? దోహా మీదుగా అయితే మొదట సుమారు నాలుగున్నర గంటలు, తర్వాత ఏకబిగిన 16 గంటలకు పైనే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి అక్కడికి 9 గంటల పైచిలుకు, అక్కడి నుంచి డాలస్‌కు 11 దాకా. లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా మొదలుపెట్టాక మనకు ఈ దారి సులువైంది. కీళ్ల నొప్పులున్నవాళ్లకు ప్రయాణం ఇలా రెండు సగాలుగా విరగడమే నయమని నా అనుభవం. 16 గంటల విమానంలో పదో గంట దాటాక అమ్మ నడుము మొరాయించింది, తిరుగు ప్రయాణంలో అంత బాధ పడలేదు. అయితే మధ్యలో దిగి ఉండటానికి దోహానే హాయి. 2014లో తెరిచిన హమద్ విమానాశ్రయంలో ఆ పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మకు దగ్గర్లో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా నిశ్శబ్ద గదులున్నాయి. వాలుకుర్చీల్లో కాళ్లు చాపి పడుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఖర్చు పెట్టగలిగితే టెర్మినల్ లోపలే ఓరిక్స్ హోటల్ ఉంది, ఇమిగ్రేషన్ దాటి బయటికి పోనక్కర్లేదు. దుబాయ్ మీదుగా పోయేవాళ్లకు మూడో టెర్మినల్‌లో ఇలాంటి హోటలే ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడక ఎక్కువ, పడుకునే చోటు తక్కువ.

చికాగో, న్యూయార్క్, వాషింగ్టన్ పోయేవాళ్లు అబుదాబి దారి కూడా చూడాలి. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే అయిపోతుంది. అంతసేపు కూర్చుని దిగాక మళ్లీ గంటల తరబడి క్యూలో నిలబడే పని తప్పుతుంది. కాకపోతే ఆ తనిఖీకి టైం పడుతుంది కాబట్టి స్టాప్ కాస్త పొడవుగా ఉన్న టికెట్ తీసుకోవాలి. ఏ దారైనా గంటన్నర, రెండు గంటల స్టాప్ పెద్దవాళ్లతో వద్దు. పరుగు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నాలుగైదు గంటలుంటే మొహం కడుక్కుని, నడిచి, కాసేపు ఒరగొచ్చు.

వీల్‌చైర్ అడగడానికి బాపు మొదట ఒప్పుకోలేదు. ‘నాకేమైంది, నడుస్త గద’ అన్నాడు. గేట్లకు గేట్లకు మధ్య కిలోమీటరు నడకలుంటాయని చెప్పాక ఊరుకున్నాడు. కనీసం రెండు రోజుల ముందు చెప్పి పెట్టుకోవాలి. ఒంటరిగా పోయే పెద్దవాళ్లకు, ఇంగ్లీషు రానివాళ్లకు దీనివల్ల దారి తప్పుతామన్న భయం పోతుంది. దాని కోసం మొహమాటపడక్కర్లేదు.

భోజనం ముందే రాయించుకోవాలి. శాకాహారం, హిందూ భోజనం, షుగర్ ఉన్నవాళ్ల భోజనం వేర్వేరుగా ఉంటాయి, కనీసం 24 గంటల ముందు చెప్పాలి. టికెట్ చేసిన ఏజెంటు ‘పెట్టేశాను’ అన్నాడు. వెబ్‌సైట్‌లో చూస్తే లేదు, నేనే పెట్టుకున్నాను. ఇలా చెప్పిన భోజనాలు అందరికన్నా ముందు వస్తాయి, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు అది మేలు. ఇన్సులిన్ చేతి బ్యాగులోనే ఉండాలి. కింద సామానులో వేస్తే గడ్డకట్టి పాడవ్వొచ్చు. పడమటికి పోతుంటే రోజు పొడవవుతుంది కాబట్టి ఏ పూట ఎంత డోసో డాక్టరుతో ముందే రాయించుకున్నాం. ఇంటి నుంచి జొన్నరొట్టె ముక్కలు, మలీద ముద్దలు, నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్లాం. ఏ అడ్డూ చెప్పలేదు. పెరుగు, నూనె తేలే పచ్చడి సెక్యూరిటీ దగ్గర ద్రవాల కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే ఆపేస్తారు. మిగిలిన పళ్లు, కూరగాయలు అమెరికాలో దిగేలోపే వదిలెయ్యాలి. పైన ఒత్తిడి తగ్గేసరికి పొట్టలోని గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. శనగలు, క్యాబేజీ, కూల్‌డ్రింకులు ఆ పూటకు వద్దు. సగం పొట్టతో ఉంటేనే నిద్ర పడుతుంది.

నిద్రకు పెద్ద సామాను అక్కర్లేదు. చెవుల్లో దూది కన్నా ఫార్మసీలో దొరికే ఇయర్‌ప్లగ్‌లు మేలు. కళ్లకు గంత, ఒక శాలువా, సాక్సులు చాలు. బెల్టు దుప్పటి మీద పైకి కనిపించేలా పెట్టుకుంటే కుదుపులొచ్చినప్పుడు సిబ్బంది వచ్చి లేపరు. అమ్మకు చీర బదులు వదులు పంజాబీ డ్రెస్ వేయించాం, కాళ్లు ముడుచుకోవడానికి, బాత్‌రూమ్‌కు రెంటికీ వీలుగా ఉంది. చెప్పులు వదులువే వేసుకోవాలి, పాదాలు కొంత ఉబ్బుతాయి. చిన్న బ్యాగును పాదాల కింద పెట్టి ఎత్తు చేస్తే తొడల మీద ఒత్తిడి తగ్గింది.

కాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాలి లోపలి రక్తనాళాల్లో గడ్డ కట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అప్పటికీ అది సుమారు 6,000 మందిలో ఒకరికే, భయపడిపోనక్కర్లేదు. కానీ వయసు, లావు, ఈమధ్య ఆపరేషన్, గతంలో గడ్డ కట్టిన చరిత్ర ఉంటే ముప్పు పెరుగుతుంది. అలాంటివాళ్లు మోకాలి కింద వేసుకునే బిగుతు సాక్సులు డాక్టరును అడిగి సరైన కొలతతో తీసుకోవాలి. సొంతంగా ఆస్పిరిన్ మింగడం వద్దు. కూర్చున్న చోటే మడమ ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి ఆడిస్తుండాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటన్నరకోసారి నేను అమ్మను వెనక వంటగది దాకా నడిపించుకొచ్చేదాన్ని.

డాలస్‌లో దిగాక పగలు ఎండలో తిప్పాం, చీకటి పడేదాకా పడుకోనివ్వలేదు. ఒంటికి రోజుకు సుమారు గంట చొప్పునే కొత్త వేళ అలవాటవుతుంది, తేడా పదిన్నర గంటల పైనే కాబట్టి వారానికి పైగా పట్టింది. తిరిగొచ్చాక ఇంకా ఎక్కువ పట్టింది, తూర్పుకు రావడం ఎప్పుడూ కష్టమే. విమానం రాత్రి దిగేదైతే నిద్రమొహంతో ఉన్న డ్రైవరుతో నల్లగొండ దాకా పోవడం కన్నా శంషాబాద్‌లోనే తెల్లారేదాకా ఆగడం మేలు. ఇంటికొచ్చిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు కాళ్లను గమనిస్తూ ఉండాలి. రెండు పాదాలూ కొద్దిగా ఉబ్బడం మామూలే. ఒక కాలే వాచి పిక్క నొప్పి పెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి, ఎన్ని రోజుల కింద విమానం దిగారో డాక్టరుకు ముందే చెప్పాలి.