ఫెరెట్ల కోసం కొన్న రెండంతస్తుల బోను: మెచ్చినవి, నచ్చనివి

ఈ బోనులో నాకు అన్నిటికంటే నచ్చినవి తలుపులు. రెండంతస్తులకూ నిలువెత్తు జోడు తలుపులు ఉన్నాయి, బార్లా తెరుచుకుంటాయి. ఫెరెట్లను, అంటే ముంగిసలా సన్నగా పొడవుగా ఉండే చిన్న పెంపుడు జంతువులను, పెంచేవాళ్లకు దీని విలువ చెప్పనక్కరలేదు. ఫెరెట్ తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. అదీ ఎక్కడంటే అక్కడ కాదు, మూల చూసుకుని, వెనక్కి నడిచి, తోక ఎత్తి మరీ పని కానిస్తుంది. చిన్న తలుపున్న బోనులో ఆ మూల తుడవాలంటే భుజం దాకా చేయి దూర్చి తడుముకోవాలి. ఇందులో వెనక మూలలు కూడా కళ్లెదుటే ఉంటాయి.

కమ్మీల మధ్య సందు అంగుళం లోపే. ఫెరెట్ తల పట్టిన చోట ఒళ్లంతా పడుతుంది కాబట్టి, ఇంతకంటే ఎడం ఉన్న బోను ఎంత ముచ్చటగా ఉన్నా కొనకండి. గొళ్లెం కూడా గట్టిది. మా ఫెరెట్లు రెండు, జాజి, మల్లి. జాజి ముక్కుతో ఎంత ఎగదోసినా గొళ్లెం కదలలేదు.

అంతస్తుల మధ్య ఎక్కి దిగే ర్యాంపులు మాత్రం ఘోరం. ఉత్త తీగల జల్లెడ. ఫెరెట్ గోళ్లు పిల్లి గోళ్లలా లోపలికి ముడుచుకోవు. దిగే తొందరలో మల్లి గోరు ఆ తీగల్లో ఇరుక్కుని, గుంజుకుంటే ఊడిపోయి నెత్తురు కారింది. ఇప్పుడు ర్యాంపులకు మందపాటి గుడ్డ చుట్టి కుట్టేశాను. బోను అడుగున పెట్టే ట్రేలతో పాటు వచ్చే నురుగు రబ్బరు చాపను బోనులో అసలు పరచకండి. రబ్బరు, స్పాంజి కనబడితే ఫెరెట్లు కొరికి మింగేస్తాయి. ముక్క పేగులో అడ్డుపడితే ఆపరేషనే గతి. ఫెరెట్ల బోను అని చెప్పి అమ్మేవాళ్లు ఈ మాత్రం ఆలోచించకపోవడం నాకు చాలా కోపం తెప్పించింది.

ఉయ్యాల మాత్రం చక్కగా కుదిరింది. రోజులో 14 నుంచి 18 గంటలు నిద్రపోయే ప్రాణులకు అదే అసలు ఇల్లు. మల్లి మెడ మీద జాజి గడ్డం ఆనించి పడుకుంటుంది. ఎత్తి ఒళ్లో వేసుకున్నా మెడ వాల్చేసి అలాగే నిద్రపోతుంది, కొత్తవాళ్లు చూస్తే హడలిపోతారు. నెమ్మదిగా నిమురుతుంటే కాసేపటికి ఆవలించి కళ్లు తెరుస్తుంది. ఎంత లేపినా లేవక, నోట చొంగ కారుతుంటే మాత్రం రక్తంలో చక్కెర పడిపోయిందేమోనని అనుమానించి వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. బోనును ఎండ పడని చోట పెట్టండి. 27 డిగ్రీలు దాటితే ఫెరెట్లు వేడికి తట్టుకోలేవు. రోజుకు నాలుగు గంటలైనా వాటిని బయట ఆడుకోనివ్వాలి.

బోను వచ్చిన పెట్టె మీద స్కంకులకూ (దుర్వాసన చిమ్మే నలుపు తెలుపు జంతువులకూ) పనికొస్తుందని రాశారు. ఆ మాట నమ్మకండి. జంతువుల వర్గీకరణలో ఒకప్పుడు ఫెరెట్లనూ స్కంకులనూ ఒకే కుటుంబంలో లెక్కించేవారు, ఇప్పుడు స్కంకులది వేరే కుటుంబం. నా స్నేహితురాలి స్కంకును ఇందులో ఉంచి చూశాం. బరువైన ఒళ్లు, తవ్వడానికి తగిన పొడవాటి గోళ్లు. ర్యాంపు వైపు కన్నెత్తి చూడలేదు. ముందరి పాదాలతో ట్రేను దబదబా కొట్టి కోపం వెళ్లగక్కింది, ఆపైన దాని అంచు పట్టుకుని పెకలించింది. తిరగడానికి చోటు లేకపోతే స్కంకులు ఇట్టే కొవ్వు పడతాయి. స్కంకును పెంచేవాళ్లు బోనుకు పెట్టే డబ్బుతో ఒక గది గుమ్మానికి గట్టి అడ్డుగేటు పెట్టించుకోవడం మేలు.