ఉదయగిరి చెంచాలు, ఒంగోలు కాలువ, నెల్లూరు లాడ్జి

మా ఆవిడతో, అత్తమామలతో కలిసి చేసిన ఒంగోలు, నెల్లూరు, ఉదయగిరి ప్రయాణంలో, నెల్లూరు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో జరిగింది ముందు చెప్పాలి. ఫోనులో గది అద్దె 1,600 అన్నారు. రాత్రి సామాన్లతో దిగేసరికి అది 2,400 అయింది. అదనపు పరుపుకు 400, వేడినీళ్ల బకెట్టుకు 30. దుప్పట్లు మార్చమంటే కుర్రాడు వాటినే దులిపి మళ్లీ పరిచాడు. ఇదేమిటని అడిగితే కౌంటరు దగ్గర మనిషి తలెత్తకుండానే, "దర్గాకు వచ్చేవాళ్లంతా ఇంతే ఇస్తున్నారు సార్" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగకపోతే ఆ రాత్రే వేరే చోటు వెతుక్కునేవాణ్ణి.

బారాషహీద్ దర్గాకు ఎవరు వస్తారో ఆ మనిషికి తెలియదా? మొహర్రం నెలలో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఒకరికొకరు రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే కోరిక పేరుతో రొట్టెను మరొకరి చేతిలో పెడతారు. పన్నెండు మంది ముస్లిం వీరుల సమాధుల దగ్గర మొదలైన ఈ ఆచారాన్ని హిందువులూ తమదిగా చేసుకున్నారు. పిల్లల జబ్బు నయం కావాలని అప్పు చేసి వచ్చేవాళ్ల దగ్గర ఇలా దండుకోవడం నెల్లూరికే తలవంపులు. మేము వెళ్లింది పండుగ రోజుల్లో కాదు కాబట్టి దర్గా దగ్గర రద్దీ లేదు. చెరువు గట్టున చాలాసేపు కూర్చున్నాం. వెళ్లేవాళ్లు మాత్రం గది అద్దెను ముందే సందేశం రూపంలో రాయించుకోండి.

అంతకు ముందు ఒంగోలులో అంతా సాఫీగానే గడిచింది. అక్కడ మామయ్యగారి ఉత్సాహం చూడాలి. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కొత్తపట్నం దారిలో, తీరం వెంబడి పడవల కోసం తవ్విన బకింగ్‌హామ్ కాలువ చూడాలని పట్టుబట్టారు. ఆటోకు రానుపోను 500. 1876-78 నాటి కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు కాబట్టి కొలతలు ఆయనకు కొత్త కాదు. "కరవు పనిలో కూలివాడికి మోసం జరిగేది కొలత దగ్గరే. కొలత తెలిసినవాడు పక్కనుంటే వాడి పొట్ట నిండుతుంది" అన్నారు మామయ్యగారు, గట్టు మీద నిలబడి.

గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలులో ఈ కథ చెప్పేవాళ్లంతా క్లౌ దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు. ఆయనకు మాదిగ పల్లెల తలుపులు తెరిచింది తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. పేరయ్య ఊరూరా తిరగకపోతే దొర మాట ఎవరు వినేవారు? ఆ పేరు పిల్లలకు కూడా తెలియాలి.

ఇక ఉదయగిరి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా కారుకు 4,200 అయింది. ప్రతి రూపాయికీ విలువ దక్కింది. ఒడిశా గజపతి రాజుల చేతిలోని ఈ దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు గెలిచాడని అందరికీ తెలుసు. తరువాత గోల్కొండ సుల్తానుల ఏలుబడి వచ్చింది. కొండ మీద గుళ్లతో పాటు మసీదులూ ఉన్నాయి. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పితో కొండెక్కలేక ముభావంగా ఉంటే, ఆవిడ కోసమని కింద ఊళ్లో చెక్క చెంచాలు చేసే ఇంటికి వెళ్లాం.

వరండాలో చాప మీద ఒక ముస్లిం ఇల్లాలు బిక్కి చెక్కతో ఫోర్కు చేస్తోంది. పిడిలో సన్నని జాలీ. చెక్కను కాలి బొటనవేలితో నొక్కిపట్టి, చిన్న బాడిసెతో గోరంత ముక్కలు లేపుతోంది. ఒక్క గీత పక్కకు పోయినా పిడి విరుగుతుంది. తరువాత గరుకు కాగితంతో రుద్ది, వేలికొస లోపల తిప్పి చూసుకుని, ఎక్కడో గుచ్చుకుంటే మళ్లీ రుద్దింది. "పేళ్లు లేస్తే నోరు గీరుకుంటుంది కదమ్మా" అంది అత్తయ్యగారితో. నర్ది, బిక్కి లాంటి చెక్కలు ఈ కొండ అడవుల నుంచే వస్తాయి. ఇక్కడి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. దాన్ని నిలబెట్టింది ఎక్కువగా ఈ ముస్లిం ఆడవాళ్ల చేతులే.

జాలీ ఫోర్కు 80, గరిటె 60, చిన్న చెంచా 25. మామయ్యగారు అలవాటు కొద్దీ బేరం మొదలుపెడితే అత్తయ్యగారు ఒక్క చూపుతో ఆపేసి, డజను చెంచాలు అడిగిన ధరకే తీసుకున్నారు. దారి పొడవునా ఆవిడ మోకాళ్ల ఊసే ఎత్తలేదు. ఇదే ఫోర్కును మరో ఊళ్లో ఒక దుకాణంలో 210కి అమ్ముతున్నారు. అందుకే ఉదయగిరిలో, చేసినవాళ్ల ఇంట్లోనే కొనండి. కారు ఖర్చు వద్దనుకుంటే నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. కొండ ఎక్కాలనుకుంటే పొద్దున్నే బయలుదేరండి.